గీరెల పెట్టె

దర్జీ ఐలయ్యకు నా పెట్టె బరువు తెలుసు.
ఎన్నడూ ఎత్తి చూడలే.
అంగీకి కొలత తీసినప్పుడల్లా
కుడి భుజం కాడ టేపు ఆపి
"అర ఇంచు దిగింది" అని
చెవి మీది పెన్సిల్ తీసి రాసుకుంటడు.

పందొమ్మిదేండ్లు.
మడికొండ అవతల స్పిన్నింగ్ మిల్లుల
రింగు ఫ్రేముల నడుమ
పద్దెనిమిది కిలోల ఇనుము మోసిన చెయ్యి ఇది.
ఉస్తాద్ మహబూబలీ పని ఇడిసి పోతపోత
నా చేతుల పెట్టిన పెట్టె,
మూత మీద ఆయన పేరు
డ్రిల్లు మొనతోని చుక్కలు చుక్కలుగ.
లోపల అన్నీ ఒకదాని మీద ఒకటి,
అడుగున బేరింగ్ పుల్లరు, దాని మీద పానాలు,
ఎలన్ కీల కట్ట, విరిగిన ఫీలర్ గేజీ, సగం బీడీ కట్ట.
కరెంటు పోయినా
పదిహేడు పానా ఎక్కడుందో వేళ్లకు ఎరుకే.

మొన్న ఎండకాలంల చెయ్యి లేవలే.
దువ్వెన నెత్తి దాకా పోలే.
ఎంజీఎంల డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పట్టి
"ఏం మోస్తవు?" అన్నది.
చెప్పిన.
"గీరెలది కొనుక్కోరాదు" అన్నది
గోలీ పేరు రాసినంత సులువుగ.

మూడు నెలల ఓవర్‌టైం పైసలు
బనీను జేబుల పెట్టుకొని
స్టేషన్ రోడ్డుకు పోయిన.
దుకాణపాయన ముందుగాల ఎర్రటిది తీసిండు.
అద్దం లెక్క మెరుస్తున్నది, ఏడు అరలు,
లాగితే సప్పుడు లేదు.
బొటనవేలుతోని గీరె తిప్పిన.
ప్లాస్టిక్కు, రూపాయి బిళ్లంత.
మా నేల మీద దూది నూగు
నూనెల తడిసి ఇరుసుకు తాడు పేనుకుంటది అన్నా,
మూడొద్దులకు ఇది కదలదు.

రెండోది నల్లది.
మూత మీద కూసొని చూసిన. కిర్రుమన్నది.
ఫ్రేము కింద పని చేసేటోనికి
పెట్టెనే పీట.
కూసుంటే ఏడ్చే పీట నాకెందుకు?

మూడోది మూలకు, దుమ్ముల.
బూడిద రంగు రేకు, జెర వంకర హ్యాండిలు,
గీరెలకు మందపాటి రబ్బరు, నడుమ బేరింగు.
జేబులకెల్లి సుతిలి తీసిన,
రెండు ఫ్రేముల సందెంతనో
మిల్లులనే కొలిచి ముడేసుకొచ్చిన సుతిలి.
నాలుగు వేళ్లు మిగిలింది.
లోపల ఇటుకలు పెట్టిచ్చి
దుకాణం గడప మీదికెల్లి
మూడుసార్లు ఎక్కించి దించిన.
"అంగట్ల ఎద్దు పండ్లు చూసినట్టు చూస్తున్నవేందయ్యా!"
"పండ్లు కాదు సేటూ, కాళ్లు."
ఆరువేల నాలుగొందలది
ఐదున్నరకు తెగింది, తాళం కప్ప కలిపి.

తెల్లారి గేటు కాడ కొమ్మాలు నవ్విండు,
"ఏ ఊరికి పయనం?"
ఆ రాత్రే పదకొండో ఫ్రేము ఆగింది.
ఒక అర లాగి, మూసి, ఇంకోటి లాగి
సొంతింట్ల దొంగ లెక్క తడుముకున్న.
నిజం చెప్తున్న, పాత పెట్టె మీద పాణం కొట్టుకున్నది.

షెడ్డు మోతల గీరెల సప్పుడు ఎవ్వలికీ వినరాదు.
కానీ హ్యాండిలు నుంచి నేల చేతికెక్కుతది.
ఇన్నేండ్లు కాళ్లకు చెప్పని ముచ్చట్లు
ఈ నేల అరచేతికి చెప్పవట్టింది.
వారం దాటినంక
తొమ్మిదో ఫ్రేము పక్కన
వణుకు ఒక్క తీరుగ మారింది.
ఆగిన. జాలీ ఇప్పి చూస్తే
బేరింగు అరుగుతున్నది,
ఇంకా మొర పెట్టలే.

పాత పెట్టెను ఐటీఐ నుంచొచ్చిన రవళి అడిగింది.
ఇయ్య అన్న. పిల్ల ముఖం చిన్నబోయింది.
అలిగితే అలిగె.
ఉస్తాదు పేరున్న మూత ఇప్పి
కొత్తదాని మీద రివిట్లు కొట్టిన.
మిగిలిన రేకు జోకిస్తే
తూకం ముల్లు పదమూడు కాడ నిలవడ్డది.

దసరా అంగీకి పోతే
ఐలయ్య టేపు ఆపిండు.
పెన్సిల్ చెవి మీదనే ఉన్నది.
"ఎట్ల, సమానం చేద్దమా ఇగ?"
అద్దంల చూసుకున్న.
చేతుల ఏం లేదు.
భుజం దిగే ఉన్నది.
"ఈ ఒక్కటి
పాత కొలతకే కుట్టు" అన్న.