తరుగు

కాశీబుగ్గ బస్టాండు ఎదుట, మందులకొట్టు మీద
రేకుల గదిలో మూడు కంప్యూటర్లు.
ఒకటి పనిచేస్తుంది.
పాణిగ్రాహి మాస్టారు పకోడీ పొట్లం విప్పుతూ అన్నారు:
"పేరుని నమ్మకమ్మా, పేరు ఎవరిదైనా అవుతుంది.
ప్రతి వరసకీ అచ్చంగా తనదే అయిన అంకె ఒకటుండాలి.
దాన్నే తాళంచెవి అంటారు."
నోట్సులో రాసుకున్నాను: తాళంచెవి.
మా ఇంటి తలుపుకి గొళ్ళెమే గాని
తాళం లేదని గుర్తొచ్చింది.

పగలు నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాని.
షావుకారు కొన్న కంప్యూటరు మీద గోనెగుడ్డ,
పక్కన ఆరేళ్ళ పద్దు పుస్తకాలు
బోర్మా సెగకి అట్టలు వంకరపోయి.

అందులో దాలమ్మలు నలుగురు.
పొట్టి దాలమ్మ, రైలుగేటు దాలమ్మ,
సోంపేట దాలమ్మ,
ఉత్త దాలమ్మ.
ఒకరు ఒలిచిన పప్పు ఇంకొకరి పేజీలో పడి
శనివారం సాయంత్రాలు ఎన్ని తగువులో.

"వేలిముద్ర వేయించు" అన్నాడు షావుకారు.
వేయించాను.
పిక్కల నూనె తినేసిన వేళ్ళు.
కాగితం మీద నీలం మచ్చే గాని గీత లేదు.
నలుగురిదీ అదే మచ్చ.

ఆ రోజు అర్థమైంది మాస్టారి తాళంచెవి.
నూటపద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు.

ఉత్త దాలమ్మ ఒప్పుకోలేదు.
"నానేటి రైలుపెట్టెనేటే, నంబరెయ్యడానికి?"
"నీ కిలోలు ఇంకోల్ల కాడికి ఎల్లిపోకుండా, పిన్నీ."
కాసేపు బుగ్గన వేలేసుకుని నిలబడి,
"నా తరవాత మా రెండోదానికి ఇత్తావా ఆ నంబరు?" అంది.
ఇవ్వలేనన్నాను.
ఒకసారి ఇచ్చిన అంకెని ఆ యంత్రం
మళ్ళీ ఇంకెవరికీ ఇవ్వదు,
వరస మొత్తం చెరిపేసినా సరే.
"పోన్లే, అదొక్కటైనా నాదే" అంది.

మనుషులకో పట్టిక. రోజులకో పట్టిక.
రెంటికీ నడుమ గీత లాగాలి.
గీతకి ఈ చివర ఒకటి,
ఆ చివర పక్కకి ఒరిగి పడుకున్న ఎనిమిది.
ఒక మనిషికి అంతులేని రోజులని దాని అర్థమట.
పనుండేది నెలకి ఇరవై రెండు, ఇరవై మూడు.

నాలుగు నెలలు ఎక్కించాను,
కరెంటు ఉన్నంతసేపూ, ఫ్యాక్టరీ కట్టేశాక.
తేదీ, మనిషి, ఒలిచిన కిలోలు,
చివర్న సన్నటి గడి: తరుగు.
చెమ్మకింద కొంత, పొట్టుకింద కొంత,
ఎందుకో రాయకుండా కొంత.
కిలోకి ముప్ఫై గ్రాములు. ఒక్కో వారం యాభై.
చిటికెడు. ఎవరడుగుతారు?

మాస్టారిచ్చిన అభ్యాసం:
ఏదో ఒక గడిని మనిషి వారీగా కూడి చూడు.
చిన్న అంకెలైతే తప్పు పట్టుకోవడం తేలికని
తరుగు ఎంచుకున్నాను.
అంతే. ఇంకే ఉద్దేశమూ లేదు.

నూటపదిహేడు: ఐదువందల పన్నెండు కిలోలు.

తప్పనుకుని మళ్ళీ కూడాను.
పుస్తకాలు దించి చేత్తో కూడాను.
పదికిలోల డబ్బాలు యాభయ్యొకటి.
పేరిస్తే అవతల షావుకారు కుర్చీ కనపడదు.

ఆయన నా భుజం మీంచి చూశాడు.
కోప్పడలేదు. టీ చెప్పించాడు.
"ఆ గడి తీసెయ్యమ్మా, ఊరికే బరువు" అన్నాడు.
నొక్కాను. తెర నన్నే అడిగింది:
ఈ గడినీ, ఇందులో ఉన్నదంతా
శాశ్వతంగా తొలగించమంటారా?

పుస్తకం ఏనాడూ అలా అడగలేదు.
బ్లేడుతో గీకితే గీకించుకుంది.

కాదు అని నొక్కి,
గడి మీద కుడిబొత్తాం నొక్కి, దాచు అన్నాను.
తెర మీంచి పోయింది. ఆయన టీ తాగి వెళ్ళాడు.

శనివారం కిటికీ దగ్గర వరస.
ఉత్త దాలమ్మ వంతొచ్చింది.
బూడిద పూసుకున్న చేతులు చువ్వల మీద ఆనించి
పేరు చెప్పలేదు.
"నూటపదిహేడు" అంది, అందరికీ వినపడేలా.

దాచిన గడి తెరిచాను.