కళ్ళద్దాలు మర్చిపోయిన మనిషి

చేతులు కడుక్కునే చోట, వేడినీళ్ళ కుళాయి పైన
ఏడు భాషల్లో ఒక పోస్టరు:
ఇక్కడ అందరూ సమానమే.
గోడలకి చెవులుంటాయంటారు.
మా గోడకి నోరు మాత్రమే ఉండేది.

ఐస్‌లాండ్ పడమటి కొసన, కొండల సందున
డిసెంబరులో పగలంటే
ఎవరో తలుపు ఓరగా తీసి
చలికి జడిసి మళ్ళీ వేసేసినంత సేపు.
ఇరవై ముగ్గురం మేము,
కాడ్ చేప వెన్నెముక వెంట కత్తి నడిపేవాళ్ళం.
చేతులకి నీలం తొడుగులు, చెవులకి మూతలు.
ఒకరి మాట ఒకరికి వినపడక్కర్లేని కొలువు.

విరామంలో ఆస్‌గేర్ జోకులు చెప్పేవాడు.
అందరితో పాటే నేనూ నవ్వేదాన్ని.
ఆరేళ్ళు నవ్వాను.
అర్థమైనవి మూడో, నాలుగో.

మా మేస్త్రి స్టెయిన్‌వోర్.
ఏ కాగితం వచ్చినా
దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని
"అయ్యో, కళ్ళద్దాలు ఇంట్లోనే" అనేది.
అసలు ఆమెకి కళ్ళద్దాలున్నాయా అని
ఎవరమూ అడగలేదు.
అడిగితే మన గుట్టూ ఎవరో అడుగుతారు కదా.

జనవరి మొదట్లో కొత్త కోత యంత్రం దిగింది,
దాంతో పాటు పన్నెండు పేజీల కాగితాలు.
ఆమె తిరగేసింది, తల ఊపింది,
"పాతదానిలాంటిదే, కానివ్వండి" అంది.
మూడోరోజు వైదోతస్ చేతి తొడుగుని
చిటికెనవేలి దగ్గర కొరికింది యంత్రం.
తొడుగునే. వేలిని కాదు.
ఆ రెంటికీ నడుమ చేపపొలుసంత దూరం.

ఆమె బెల్టు ఆపింది.
అది ఆగితే ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు.
గోడ అవతలే సముద్రం ఉందని
నా చెవులకి ఆరోజే తెలిసింది.

"నాకు చదవడం రాదు.
బడికి వెళ్ళాను. అక్షరాలు నిలబడవు,
చేపపిల్లల్లా చెదిరిపోతాయి.
ఆ కాగితాలు నేను చదవలేదు.
కళ్ళద్దాలు నాకెప్పుడూ లేవు."
గొంతు వణకలేదు.
తలమీది వలటోపీ మాత్రం లాగి
గుప్పిట్లో ఉండ చుట్టింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
వైదోతస్ తన భాషలో ఏదో తిట్టి
బయటికి, మంచులోకి, కోటు లేకుండా నడిచాడు.
తలుపు వెనకాలే కొట్టుకుంది.

చాలాసేపటికి ఆస్‌గేర్, నేలకేసి చూస్తూ:
"నాకు ఎడమ చెవి పనిచెయ్యదు. పద్నాలుగేళ్ళయింది."
బోగుమివా: మోకాళ్ళు. కూచుని చెయ్యనిస్తే.
నీ వంతని నాతో ఎవరూ అనలేదు.
అయినా అనేశాను:
ఆస్‌గేర్, నీ జోకులు నాకు అర్థం కావు.
అతను కుడిచెవి నావైపు తిప్పి
"మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే కాగితాలు పైకి చదువుతాం.
ఆస్‌గేర్ వాళ్ళ భాషలో, కాజిమిర్ పోలిష్‌లో,
నేను తగలోగ్‌లో, నీళ్ళు నములుతూ.
స్టెయిన్‌వోర్ తిరగేసిన డబ్బామీద కూచుని వింటుంది,
ఆపి ఆపి అడుగుతుంది,
మాకు తెలుసనుకున్నవి తెలీవని తేలుతుంది.
పావుగంట పోతుంది.
రోజుకి నాలుగు డబ్బాలు తగ్గాయని ఆఫీసునుంచి ఫోను.
"వేళ్ళు లెక్కపెట్టాను" అంది ఆమె,
"రెండువందల ముప్పయ్యీ ఉన్నాయి."

బోగుమివాకి ఎత్తు పీట వచ్చింది.
కుంటిది.
ఒక కాలికింద అట్టముక్క మడిచి పెట్టాం.

వైదోతస్ ఇంకా ఆమె బల్ల దగ్గర కాఫీ తాగడు.
రమ్మని ఆమె పిలవదు.
కాగితం చదివే వేళకి మాత్రం
గుమ్మంలో నిలబడి వింటాడు, చేతులు జేబుల్లో.

రెండు నెలల తర్వాత నిన్న
కొండ భుజం మీంచి సూర్యుడు తొంగిచూశాడు.
ఆరోజు ఈ ఊళ్ళో కాఫీ, పల్చటి తీపి అట్లు.
ఆస్‌గేర్ జోకు చెప్పాడు,
నాకోసం ఆగి, చేతులతో గీసి, మూడుసార్లు విడమరిచాడు.
అర్థమైంది.
ఏమీ బాగాలేదు.
నేను నవ్వలేదు.
అది చూసి అతను
అట్టు చేతిలోనే పట్టుకుని
పగలబడి నవ్వాడు.