పావు చుట్టు

వాల్దివియాలో వాన మూడో రోజు.
క్లినిక్ వెనక గదిలో సుద్ద దవడలు
అట్టపెట్టెల్లో, ఏళ్ళవారీగా.
రిటైరయ్యేలోపు ఒక్కొక్కర్నీ పిలిచి కొలుస్తున్నాను,
నేను జరిపిన పళ్ళు
నేను పెట్టినచోటే ఉన్నాయా అని.

నూట పన్నెండు ఉత్తరాలు వేస్తే
వచ్చినవాళ్ళు ముప్ఫై ఒక్కరు.
బాగున్నవాళ్ళే వస్తున్నారేమోనని నా అనుమానం.
ఆ అనుమానానికీ ఒక పేరా రాయాలి.

ఇవాళ ఐలేన్.
పెట్టె మీద నా పాత చేతిరాత: ఎనిమిదేళ్ళ రెండు నెలలు.
పై దవడ ఇరుకు. కుడివైపు పై పళ్ళు
కిందివాటికి లోపలగా పడేవి.
నోరు మూసినప్పుడల్లా గడ్డం పక్కకి జారేది,
ఇరుకు గుమ్మంలోంచి మంచాన్ని
ఓరగా తిప్పి లోపలికి తెచ్చినట్టు.

అంగిలికి ఒక మర అతికించాను.
మధ్యలో ఆవగింజంత కన్నం.
రాత్రికోసారి అందులో తాళంచెవి దూర్చి
గొంతువైపుగా పావు చుట్టు తిప్పాలి.
తిప్పేది నేను కాదు, వాళ్ళమ్మ ఒర్తెన్సియా.
నది ఒడ్డు బజారులో చేపలు కోసే మనిషి.
ఆమె విసిరే పేగుల కోసం
సముద్రసింహాలు గట్టెక్కి అరిచేవి.

వారం తిరిగేసరికి ముందుపళ్ళ మధ్య సందు.
పిల్ల అద్దం చూసి ఏడ్చింది.
సందు రావాలమ్మా అన్నాను, ఎముక తెరుచుకుంటోంది,
పూడిపోతుంది.
పూడింది.
పూడినది గట్టిదో కాదో
ఆ రోజు నాకూ తెలియదు.

ఇప్పుడు రొట్టెల వ్యాను నడుపుతోంది,
కోటు నిండా ఈస్టు వాసన.
రాత్రిళ్ళు పెట్టుకోమన్న రిటైనరు?
"ఏడో నెలలోనే కుక్క నమిలేసింది, డాక్టర్.
చెబితే తిడతారని..."
తిట్టేదాన్నే.

కొలిచాను.
పై వెడల్పు నిలిచింది, అర మిల్లీమీటరు తక్కువగా.
కొరుకు సరిగానే పడుతోంది.
కింది వరుసలో మాత్రం ఒక పన్ను
బస్సులో నిద్రపోయినవాడిలా
పక్కదాని భుజం మీదికి ఒరిగింది.
"పాడైపోయిందా?"

వాళ్ళన్న నోరూ చూశాను, ఏ తీగా ఎక్కని నోరు.
అక్కడా అదే పన్ను, అదే ఒరుగు.
దీన్ని ఏమని రాయను,
వైద్యం జారిందనా, వయసు వచ్చిందనా?

కిటికీ అవతల చిత్తడి, నల్లమెడ హంసలు.
మా తాత గోధుమ చల్లిన పొలం అది.
అరవైలో భూకంపానికి మనిషెత్తు కుంగితే
నది వచ్చి కూర్చుంది.
ఇక్కడి పిల్లలకి అది ఎప్పుడూ నీళ్ళే.
సర్వేవాళ్ళు మాత్రం
ఇంకా కొలుస్తూనే ఉన్నారు.

మూల కుర్చీలో ఒర్తెన్సియా,
వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.
"ఒక రాత్రి తిప్పానో లేదో గుర్తు రాలేదు.
తెల్లవారుజామునే పని, కళ్ళు మూతపడుతున్నాయి.
నిద్రలో ఉన్న పిల్ల నోరు తెరిచి మళ్ళీ తిప్పాను.
రెండుసార్లయిందేమో.
ఆ పన్ను అందుకేనా?"

ఇరవైనాలుగేళ్ళు.

కాదన్నాను. ఆ మర పైదానికి, ఇది కింది దవడ అన్నాను.
ఒక్క పావు చుట్టుకి ఏమీ కాదన్నాను.
తలూపింది. నమ్మినట్టు లేదు.
మంచునీళ్ళకి పగిలిన బొటనవేలూ చూపుడువేలూ
గాలిలో సన్నటిదేదో పట్టుకుని
కొంచెం తిప్పి
ఆగాయి.

వ్యాను స్టార్టయిన చప్పుడు.
కాలిపర్ మూసి అంకెలు వేశాను.
నిలిచినవాటికి ఒక గడి ఉంది, జారినవాటికి ఒకటి.
కాగితం చివర పెన్సిలుతో "తల్లి" అని రాసి,
చెరపబోయి, ఉంచేసి,
తర్వాతి పెట్టె దించాను.