చల్లగా ఉన్నప్పుడు

తాళం తిప్పగానే మొదలయ్యేది
టక్ టక్ టక్ టక్,
బానెట్ కింద ఎవరో
గోటితో రేకుడబ్బా మీద కొడుతున్నట్టు.
నాలుగు మైళ్లు దాటాక కిమ్మనేది కాదు.
వేడెక్కిన ఇనుము ఒళ్లు చేసి
తన సందును తానే పూడ్చుకునేది.
అందుకే రెండు చలికాలాలు
నేనూ విననట్టే నడిపాను.

సస్కాచెవాన్‌లో మే అంటే
మధ్యాహ్నం వసంతం, తెల్లవారుజామున ఇంకా జనవరే.
హీటర్ వెయ్యక తప్పదు.
వేస్తే ఆ వెచ్చదనంతో పాటు
రంగూ రూపూ లేనిదేదో కేబిన్లోకి వచ్చి కూర్చునేది.
ఒకరోజు రైలు వెళ్లిపోయి, గేటు లేచాక కూడా
స్టీరింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయాను.
వెనకవాడు హారన్ కొట్టాడు.
రెండోసారి కొడితే గానీ నాకు వినపడలేదు.

శనివారం రాత్రికి
నూట పన్నెండు తేనెపెట్టెల్ని
చలికాలపు కొట్టంలోంచి పొలాలకు చేర్చాలి.
గురువారం ట్రక్కును
ఓరెస్ట్ హ్రిట్సాక్ షెడ్డుకు తోలాను.

తోటగొట్టం ముక్క ఒక కొస చెవికి ఆనించుకుని
రెండో కొసను ఇంజన్ చుట్టూ తిప్పాడు,
కడుపులో బిడ్డను వినే మంత్రసానిలా.
"కుడివైపు. చిట్టచివర. రెండు బోల్టులు"
అని మాత్రం అన్నాడు.

ఉప్పు తిన్నవాళ్లకు విశ్వాసముంటుందంటారు.
మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పును
పద్నాలుగేళ్లు తిన్న ఆ బోల్టులు
తలలు ఎక్కడో రాల్చేసి
మొండేలతో ఇంజన్ హెడ్డులో దాక్కున్నాయి.
మానిఫోల్డు అంచున
బొగ్గుతో గీసినట్టు ఒక నల్లటి చార.

చక్రం ఊడదీశాం. లోపలి మడ్‌గార్డు ఊడదీశాం.
అప్పటికీ చెయ్యి దూరిన చోట కన్ను దూరదు,
కన్ను అందిన చోట చెయ్యి అందదు.
అద్దం పట్టుకోవడం నా పని.
మొండెం మీద నట్టు పెట్టి
నడుమ ఖాళీని వెల్డింగ్‌తో నింపాడు.
స్పానర్ వేస్తే నట్టు మాత్రమే ఊడివచ్చింది.
ఇంకో నట్టు.
అదీ అంతే.
ఓరెస్ట్ ఉక్రేనియన్‌లో ఏదో అన్నాడు,
వాళ్ల అమ్మమ్మ వినకూడనిది.

మూడో నట్టు ఎర్రదనం తగ్గుతుండగా
"మైనం ఉందా?" అన్నాడు.
తేనెటీగలు పెంచేదాన్ని అడిగే ప్రశ్నేనా!
నా కోటు జేబులో ఎప్పుడూ ఓ ఉండ ఉంటుంది.
తాకించగానే బుస్సుమని కరిగి
మరల్లోకి ఇంకిపోయింది.
గ్రీజు, కాలిన రబ్బరు మధ్య
షెడ్డంతా ఒక్కసారి
నిరుటి జూలై వాసన.

స్పానర్‌ను లాగలేదు, బతిమాలాడు.
పావు చుట్టు ఇటు, అందులో సగం అటు.
కిర్రుమంది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ఉడుంపట్టు సడలి
చిటికెనవేలంత ఇనుము
వెచ్చగా, నల్లగా నా గ్లవ్‌లో పడింది.
"మనుషులూ ఇంతేనేమో, కాస్త వేడి, కాస్త..."
అనబోయాను.
"అది బోల్టు," అన్నాడు ఓరెస్ట్.

రెండోది రాలేదు.
లోలోపలికి తెగింది. డ్రిల్లు మొన జారి
అల్యూమినియంలోకి పోబోతుంటే ఆపేశాడు.
హెడ్డు కొసన ఉన్న ఖాళీ రంధ్రానికి
ఒక ఇనుప పట్టీ బిగించి
మానిఫోల్డును అదిమిపెట్టాడు.
ఎన్నాళ్లు ఆగుతుందంటే భుజాలు ఎగరేశాడు.
"దీనికంటే ముందు పోయేవి
నీ బండిలో చాలా ఉన్నాయి."
డబ్బు లెక్కపెట్టుకున్నాక
మిగిలిన మైనపు ఉండను కూడా
అడగకుండానే తన సొరుగులో వేసుకున్నాడు.

శనివారం రాత్రి పదకొండు. సున్నా డిగ్రీలు.
తాళం తిప్పాను.
టక్ అనలేదు.
లేదని తెలిసీ
చెవి కాసేపు దానికోసం తడుముకుంది.
ఆ తర్వాత వెనకనుంచి వినిపించింది
వలల కింద, తాళ్ల కింద
చలికి ముద్దగా ముడుచుకున్న గుంపులన్నీ కలిసి తీసే
ఒకే పొడుగాటి రాగం.
ఇన్నేళ్లూ వీటిని మోస్తూ
ఒక్కసారైనా వినలేదు.

కంకర రోడ్డు ఎక్కాక
ఎడమ ముందు చక్రంలో ఏదో సన్నగా మూలిగింది.
సోమవారం ఓరెస్ట్‌కు చెప్పాలి.