బన్నుల లెక్క

తాడిపత్రిలో, నాపరాయి పాలీషు మిషన్ల కెదురుగా
నాదొక బంకు.
టీ, బన్నులు, బీడీలు.
బల్ల కింద గోనెపట్టా,
పట్టా కింద ఎర్ర పాకిట్లు.
అమ్మకూడదని తెలుసు.
అందుకే లెక్కబుక్కులో వాటి పేరు రాయను,
బన్ను అని రాస్తా.

మాబ్బాషా వచ్చినప్పుడు పద్నాలుగేండ్లు.
మొదటి దినం టీలో ముంచుకోని తినింది
నిజం బన్నే.
మోకాళ్ళ దాకా రాతి బురద,
రెప్పల మీద దుమ్ము,
చెవుల్లో మిషను రొద.
నేనొకటి అడిగితే ఇంకొకటి చెప్పేవాడు.

"రాత్రి డ్యూటీలో కునుకుపడితే సెయ్యి పోతాదక్కా" అన్యాడు.
వానికి ముందున్నోనికి రెండు వేళ్ళు లేవు.
మొదటి పాకిట్టు మేస్త్రీ ఇచ్చినాడంట.
కూలిలో పది రూపాయలు ఇరగ్గోసే మనిషి
అదొక్కటి ఊరికే ఇచ్చినాడు.

దినానికి రెండు బన్నులు.
నెల తిరిగేలకు ఐదు.
లారీలు వరస కట్టిన వారం, పన్నెండు.
నా బుక్కులో
వాడంత బాగా తినేవాడు ఊర్లోనే లేడు.

పంచరంగడి ఎనక పిల్లోళ్ళు
సొల్యూషను గుడ్డ మూతికి పెట్టుకుంటాండ్రి,
వాడు గూడా.
అది నేనమ్మలేదు.
ఆ మాట చెప్పుకోని నిద్రపోయేదాన్ని.

మొన్న ఎందుకో బుద్ధి పుట్టి
నిజం బన్ను చేతిలో పెట్టినా.
నోరు తెరిచినాడు,
రెండు వేళ్ళ సందు. అంతే.
గిల్లి, నానబెట్టి, లోపలికి తోసుకున్నాడు.
"కారం తగిలితే మంటక్కా,
ఉగ్గాని తిని ఆర్నెల్లాయ."
నవ్వబోయినాడు.
నవ్వు గూడా పండ్ల దగ్గరే ఆగిపాయ.

శనివారం వాళ్ళమ్మ ఇమాంబీ వచ్చింది,
కొంగున ముడేసిన నోట్లతో, బాకీ కట్టను.
మూడో తరగతి దాకా సదివిందంట.
బుక్కు మీద వేలు పెట్టి
కూడబలుక్కుంటా పోయింది:
బన్ను. బన్ను. బన్ను. టీ. బన్ను.

"ఇన్ని తిన్యాడా నా బిడ్డ?
మరి వంటికెందుకు పట్టల్యా?
ఇంట్లో సంగటి ముద్ద ముట్టడు తల్లీ,
నీకాడన్నా తింటాండాడు.
నీ కడుపు సల్లగుండ."

ఎదురుగా మిషను తిరుగుతాంది.
పైపు నీళ్ళు రాయి మీద పడి
తెల్లగా, పాల మాదిరి, కాలవలోకి పోతాండాయి.
వాడు తలెత్తలేదు.

ఎనిమిది నూర్ల ఎనభై.
తొమ్మిది నూర్లిచ్చింది.
తీసుకున్నా.
ఇరవై తిరిగి ఇయ్యబోతే
నా గుప్పిలి మూసేసింది ఇమాంబీ:

"ఉండనీలే.
రేపు వానికి
ఇంకో రెండు బన్నులు పెట్టు."