ఇరవై నిమిషాలు

ఎడమ చెవిలో ముప్పై ఐదు పాయింట్ ఒకటి.
కుడి చెవిలో ముప్పై ఎనిమిదిన్నర.
ఒక్క తలకి రెండు రుతువులు.

తప్పు థర్మామీటర్‌ది కాదు, నాది.
హానుస్ ఇప్పుడే క్లాక్స్‌విక్ రేవు నుంచి నడిచొచ్చాడు,
ఎనభై ఒకటో ఏట, జ్వరంతో, టోపీ లేకుండా.
ఎడమ చెవిది గాలివాటు పక్క,
నేను కొలిచింది సముద్రాన్ని.
కుడి చెవిలో పొద్దుటి నుంచీ వినికిడి మిషన్.
మూతేసిన గిన్నెలా అది వేడిని దాచుకుంది.
తీసీ తియ్యగానే పెట్టేశాను.
పదకొండేళ్ళుగా ఇళ్ళు తిరిగే నర్సుని,
ఇంకో నాలుగిళ్ళున్నాయని తొందర.

ఇరవై నిమిషాలు ఆగాలి, అన్నాను.
మిషన్ బల్ల మీదుంది. ఆయనకి వినపడలేదు.
గోడగడియారం చూపించి
రెండు చేతులూ రెండుసార్లు విప్పాను.
తలూపాడు.

ఇక నేనేమీ అడగలేను గనక
ఆయనే మొదలుపెట్టాడు,
చెవిటివాళ్ళు మాట్లాడేటంత గట్టిగా.

గ్రీన్‌లాండ్ నీళ్ళలో ట్రాలర్, అడుగున ఇంజను గది,
అక్కడ ఇరవై ఆరేళ్ళు.
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని బేరింగ్ మీద ఆనించి
పిడి చెవికి పెట్టుకునేవాడట.
"వేడెక్కబోయే ముందు అది గొంతు మారుస్తుంది, రన్వా.
ముట్టుకుంటే ఇంకా చల్లగానే ఉంటుంది,
గేజీకీ తెలీదు.
చెవికి తెలిసిపోతుంది."
ఆ చెవుల్నే ఇంజను తినేసింది.
ఆ మాట ఆయన అనలేదు.
స్వెట్టరు మోచేతి దగ్గర ఊడిన పోగుని
వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

కిటికీ అవతల ఫెర్రీ వచ్చింది, పోయింది.
కెటిల్ పెట్టాను, ఆపాను.
పొడి గుడ్డతో కటకం తుడిచాను.
గుబిలి మరక, వేలిముద్ర, చిన్న పొగ,
ఏది అడ్డొచ్చినా అంకె బద్దకిస్తుంది.
మొనకి కొత్త తొడుగు.

పెద్దవాళ్ళ చెవి దారి తిన్నగా ఉండదు.
చెవిని పైకీ వెనక్కీ లాగాలి,
అల్లరి పిల్లాణ్ణి లాగినట్టు కాదు,
తెర పక్కకి తీసినట్టు.
అప్పుడు దారి చివర కర్ణభేరి
దీపం లేని గదిలో కిటికీలా దొరుకుతుంది.
గోడకి తగిలితే గోడ వేడే చెప్తుంది.

ఊపిరి బిగబట్టాను. ఎందుకో, అవసరం లేదు.
ఒక సెకను.
బీప్ నాకే వినపడింది.

అదే చెవిలో మరోసారి. రెండోది కొంచెం ఎక్కువొచ్చింది,
ఎక్కువదే రాసుకున్నాను.
పక్కన 'ఎడమ' అని కూడా రాశాను,
రేపు వచ్చే అమ్మాయి ఈ చెవినే అడగాలని.

కాగితం ఆయన వైపు తిప్పాను.
ముప్పై ఎనిమిది పాయింట్ రెండు.
అద్దాలు ముక్కు మీదకి జార్చి
బేరింగుని చూసినట్టు చూశాడు.

"సగం వేగం," అన్నాడు,
వంగి, బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.