సున్నం ఆరేలోపు

రైలంటే రెండు పెట్టెలే.
ఆఖరి స్టేషన్‌లో నేనూ, ఒక సైకిలూ,
గసగసాల రొట్టె తింటూనే ఒక ముసలాయనా దిగాం.
పట్టాలు ఇంకాస్త దూరం పోయి
గడ్డిలో మనసు మార్చుకున్నాయి.
అవతల ఆస్ట్రియా. ఒకప్పుడు ముళ్ళకంచె.
ఇప్పుడు ఆవపూల పసుపు, ఎవరిదో తెలియనంత.

సోమవారం మ్యూజియం తెరవరని
పుస్తకంలో రాసే ఉంది. నేనే చదవలేదు.
చౌకులో ఫౌంటెన్ ఒక్కటే డ్యూటీలో ఉంది.
చుట్టూ నాలుగొందల ఏళ్ళ ఇళ్ళు,
ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకున్న పెద్దమ్మల్లా
భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి.

గోపురం తాళం బొహుమిలా గారి దగ్గరుంటుందని
కూరగాయల కొట్లో వియత్నాం కుర్రాడు ఖాంగ్ చెప్పాడు,
చెక్ భాషలో ఒకసారి, చేతులతో రెండుసార్లు.

ఆవిడ గుమ్మంలోనే నా బూట్లు చూసి
విప్పమని వేలు చూపించింది.
ఇంత దూరం వచ్చాక
నాకు పూర్తిగా అర్థమైన మొదటి వాక్యం అది.

కొడవలి మెడలో వేలాడే తాళాల్లోంచి మూడోది తీసింది.
మూడు అని వాళ్ళలా అనాలంటే
రకారాన్ని పళ్ళ మధ్య ఈలతో కలిపి నూరాలి.
నా నాలుక మడతపడింది. ఆవిడ మళ్ళీ అంది.
మా వాచకంలోంచి ఎప్పుడో వెళ్ళగొట్టిన బండి ఱ
ఇక్కడికొచ్చి తలదాచుకుందా అనిపించింది.

పుట్టగొడుగుల చారు పోసింది,
మజ్జిగపులుసుకి దూరపు చుట్టం.
పళ్ళెం వెనక ఎవరివో పొడి అక్షరాలు.
ఫోన్‌లో అనువాదం ఆగి ఆగి చెప్పింది:
యుద్ధం అయిన మరుసటేడు, రెండేళ్ళ పిల్లగా,
ఈ ఇంటికొచ్చాను.
ఇల్లు ఖాళీ. ఖాళీ అంటే మనుషులు లేరు.
గోడగడియారం ఆడుతూనే ఉందట, అమ్మ చెప్పేది.
ఎనిమిది రోజులకోసారి కీ ఇచ్చే గడియారం.

తర్వాత చాలా ఏళ్ళకి, కంచె తీశాక,
ప్రతి వేసవీ వియన్నా నుంచి ఒకామె వచ్చి
వీధిలో నిలబడి పై కిటికీ చూసి వెళ్ళేదట.
పదకొండేళ్ళు.
పన్నెండో ఏడు నేనే దిగి, చారు తాగుతావా అన్నాను.
తాగిందా?
ఉప్పు తక్కువంది.

గోపురం ఎక్కాను. పైన పొగమంచు.

దిగేసరికి పక్కింటి పరంజా మీంచి
వెండెలీన్ అనే మనిషి ఈలవేసి పిలిచాడు.
కింద బొగ్గు కలిపిన నల్లగార, పైన తెల్లసున్నం,
ఆరేలోపు ఇనుపముక్కుతో గీకాలి,
తెలుపు పోయిన చోట బొమ్మ.
చేప నోట్లోంచి బయటపడుతున్న ప్రవక్తకి
గడ్డం సగమే ఉంది.
ఒక్క వెంట్రుక నువ్వు గియ్యి, తిన్నగా, అన్నాడు.

ఎలా చెప్పను,
మావాళ్ళు తాటాకు మీద గంటంతో గీకేవాళ్ళనీ,
తిన్నగా గీస్తే ఆకు చీలుతుందని
అక్షరాలన్నిటినీ గుండ్రంగా తిప్పుకున్నారంటారనీ?
ఇనుము పట్టిన చెయ్యి నన్నడగలేదు.
వెంట్రుక కిందికి దిగుతూ దిగుతూ
ఒక్క చుట్టు చుట్టుకుని
నిక్షేపంలాంటి ల అయి కూర్చుంది.

వెండెలీన్ కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు.
తాపీ అందుకున్నాడు. సున్నాన్ని వేలితో నొక్కాడు.
బిగుసుకుంటోంది.
తాపీ బకెట్లో పడేసి,
ప్రవక్త మూడ్రోజులు చేప కడుపులో ఉన్నాడు కదా, అన్నాడు,
జుట్టు చెదరదా మరి.

సాయంత్రం రైల్లో గోటికింద సున్నం
గీకే కొద్దీ లోపలికి పోయింది.
ఎన్నో స్టేషన్ అని టికెట్ అమ్మాయి అడిగింది.
త్ఱి, అన్నాను.
నవ్వలేదు. తలెత్తి చూడను కూడా లేదు.
ముద్ర వేసి ముందుకెళ్ళింది.
సరిగ్గానే పలికుంటాను.